పడకగది కింద ఇంకో కాపురం

హలో... ఆఁ, వినిపిస్తోందా అండీ? అందరూ బాగున్నారా? భోజనాలు అయ్యాయా? కాకపోతే తింటూనే వినండి, తొందరేం లేదు. చలికాలం వచ్చిందంటే చాలు, నాకు తూర్పు టెన్నెసీ కొండల్లో ఉండే లోవెల్ గుర్తొస్తాడు. లోవెల్, వాళ్ళావిడ జెనీవా, ఒక పిల్లి. ఆ ఇంట్లో ఉండేది అంతే. పిల్లిని కూడా మనిషి కిందే లెక్కేసుకోండి, ఈ కథలో దారి చూపించింది అదే.

ఈ కథ మొదలయ్యేసరికి జెనీవా పడకగదిలోంచి వెళ్ళిపోయి చాలా రోజులైంది. పోట్లాటేం లేదు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన వారంలో తలగడ ఒక చంకలో, వాళ్ళమ్మ కుట్టిన అతుకుల బొంత ఇంకో చంకలో పెట్టుకుని, "నా కాళ్ళు నావి కానట్టున్నాయి లోవెల్, ముందు గదిలో పడుకుంటా" అని వెళ్ళి వాలుకుర్చీలో ముడుచుకుంది. ఆ కుర్చీ పక్కనే నేలలో ఒక ఇనప జాలీ ఉంది. ఆ ఇంటి చెక్క నేల కింద మనిషి పాకేంత ఖాళీ ఉంది; ఇంటిని వేడిచేసే ఫర్నేసు నుంచి వేడిగాలి అక్కడి గొట్టాల్లోంచి వచ్చి, ఆ జాలీలోంచి బుస్సుమంటుంది. పడకగదిలోనూ అలాంటి జాలీయే ఉంది గానీ, దాని మీద చెయ్యి పెడితే ముసలి గుర్రం నిట్టూర్చినట్టు ఉంటుంది.

మంచమంతా ఒక్కడిదే అయింది కదా, హాయిగా దొర్లొచ్చు కదా అని మీరనుకోవచ్చు. లోవెల్‌కి నిద్రే పట్టేది కాదు. పెళ్ళైన దగ్గర్నుంచీ జెనీవా పడుకోగానే చల్లటి పాదాలు తెచ్చి అతని పిక్కలకి ఆనించేది. అతను రోజూ "అమ్మో, కప్పల్ని తెచ్చి పెట్టావే!" అని అరిచేవాడు. ఆ అరుపు అయ్యాకే ఇద్దరికీ నిద్ర. ఇప్పుడు అరవడానికి ఏమీ లేదు.

అతను చెయ్యని పని లేదు. ఇల్లు ఎంత వేడిగా ఉండాలో చెప్పే థర్మోస్టాట్ పెంచి చూశాడు. ముందు గది రొట్టెల పొయ్యిలా కాలింది, పడకగది మాత్రం ఎప్పట్లాగే ఉంది. ముందు గది జాలీ మూసేస్తే గాలి గత్యంతరం లేక వెనక గదికి పోతుందనుకున్నాడు. పోలేదు సరికదా, జెనీవాకి కోపమొచ్చింది. కరెంటు హీటరు తెచ్చి పెట్టాడు. పొద్దున్నే కాఫీ మిషను నొక్కగానే టక్కుమని సగం ఇల్లు చీకటైపోయింది.

ఇదంతా గుట్టుగా ఉండే సంగతే. కానీ జెనీవాకి ఓపల్ అని ఒక చెల్లెలుంది. ఆవిడ చెవిలో ఒక మాట పడిందంటే బుధవారం చర్చి భోజనాల వేళకి అందరి పళ్ళేల్లోనూ ఉంటుంది.

"ఏం బావా, మా అక్క నిన్ను వదిలేసిందటగా?" అంది ఓపల్ ఆ బుధవారం, చర్చిలో భోజనాల బల్లకి అటువైపు కూర్చుంటూ.

"వదిలెయ్యలేదు. గది మారింది."

"అలాగే మొదలవుతుంది. ముందు గది మారతారు, తర్వాత ఇల్లు మారతారు."

"నీ నోట్లో ఉల్లిపాయ పెట్టా! ముందు ఆ బీన్స్ తిను."

ఓపల్ అతన్ని పట్టించుకోలేదు. అక్క వైపు తిరిగింది. "అక్కా, ఊరికే బాధపడటం ఎందుకు? ఈస్టర్ దాకా మా ఇంటికొచ్చేయ్. నేనూ ఒక్కదాన్నే ఉంటున్నా, తోడుగా ఉంటావ్. మా ఇంట్లో ఏ మూల చూసినా వెచ్చగా ఉంటుంది. ఆదివారం చర్చి అవ్వగానే కారు తీసుకొస్తా."

లోవెల్ భార్య మొహంలోకి చూశాడు. 'ఎందుకులేవే' అంటుందనుకున్నాడు. జెనీవా మొక్కజొన్న రొట్టె విరిచి బీన్స్ పులుసులో ముంచుతూ, "చూద్దాంలే" అంది.

జెనీవా 'చూద్దాంలే' అన్నది ఏదీ ఇంతవరకూ జరక్కుండా పోలేదు. ఇంటికి నీలం రంగు వేయించడం 'చూద్దాంలే'తోనే మొదలైంది. అతని పాత ట్రక్కు అమ్మేయడమూ అంతే.

ఇంటికి వస్తూ దారిలో అడిగాడు. "నిజంగానే వెళ్తావా?"

"నీ మీద కోపమేం కాదయ్యా. ఆ కుర్చీలో పడుకుని పడుకుని నడుం పట్టేసింది. గదిలో పడుకుంటే కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి. ఆ గాలి గొట్టాల్లో ఏదో తేడా ఉంది, చూడు చూడు అంటే నువ్వు వినవు."

"చూడటానికేముంది? నేనే స్వయంగా నేల కింద పాక్కుంటూ పోయి, అతుకు అతుక్కీ టేపు వేశానా లేదా? డక్ట్ టేపు! డక్టుకి డక్ట్ టేపు కాకపోతే మరేం వేస్తారు, దెబ్బలకి కట్టే కట్టా?"

జెనీవా కోటు విప్పి కాళ్ళ మీద కప్పుకుంది.

డక్టంటే ఆ గాలి గొట్టమే. ఆ కొండల్లో డక్ట్ టేపంటే ఉత్త టేపు కాదండీ. వెండి రంగులో మెరిసే గుడ్డ టేపు. ప్రార్థన తర్వాత జనం నమ్ముకునేది దాన్నే. లోవెల్ స్కూలు బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. అతని కారు అద్దం దాంతోనే నిలబడింది. తోటకి నీళ్ళు పెట్టే పైపు, పోస్టు డబ్బా తలుపు, ఎడమ కాలి బూటు, అన్నీ టేపు చలవే. ఎక్కడెక్కడో పనికొచ్చినది, పేరులోనే డక్టు పెట్టుకున్నది డక్టుకి పనికిరాదని కలలో కూడా అనుకుంటాడా?

శనివారం పొద్దున్నకి మంచు బాగా పడింది. పిల్లి బయట్నుంచి వచ్చి అరిస్తే లోవెల్ తలుపు తీశాడు. మొక్కజొన్న రొట్టెలా పసుపుపచ్చగా ఉంటుందని దానికి కార్న్‌బ్రెడ్ అని ఆ రొట్టె పేరే పెట్టారు. అది సరాసరి వెళ్ళి జెనీవా ఒళ్ళోకి దూకింది.

"లోవెల్! ఇది ఇప్పుడే కదా బయట్నుంచి వచ్చింది?"

"నేనేగా తలుపు తీశాను."

"మరి పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఇంత వేడిగా ఉందేంటి? చెయ్యి పెట్టి చూడు. బయట అంత మంచుంటే ఒంటి మీద ఒక్క తడి చుక్క లేదు."

లోవెల్ చెయ్యి పెట్టి చూశాడు. నిజమే, పిల్లి కమ్మగా కాగి ఉంది.

జెనీవా కోటు వేసుకుని బయటికి నడిచింది. వెనకాలే లోవెల్. మంచులో పిల్లి అడుగులు ఇంటి పక్క నుంచి పెరటి వైపు పోయాయి. చుట్టూ ఎటు చూసినా తెలుపే, పడకగది కిటికీ కింద మాత్రం గోడ వెంబడి పచ్చగడ్డి కనపడుతోంది. అక్కడే నేల కిందికి పాక్కుంటూ వెళ్ళడానికి ఒక చిన్న తలుపుంది. దాని మూల చెక్క విరిగి, పిల్లి పట్టేంత సందైంది.

జెనీవా మోకాళ్ళ మీద కూర్చుని ఆ సందులో చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఏమైంది?"

"ఏం కాలేదు. నా కుర్చీ దగ్గర కంటే ఇక్కడే బాగుంది. ఓపల్‌కి చెప్పు, నేను ఇంటి కిందికి మారిపోతున్నానని."

లోవెల్ టార్చి తెచ్చుకుని, పొట్ట లోపలికి పీల్చుకుని, పాక్కుంటూ వెళ్ళాడు. రెండు బారలు పోయాడో లేదో మొహానికి వేడిగాలి కొట్టింది. టార్చి పైకెత్తి చూస్తే, తను ముచ్చటపడి వేసిన టేపు గొట్టాల వెంబడి పాము కుబుసంలా వేలాడుతోంది. వేలితో ముట్టుకుంటే జిగురు పొడై రాలింది. ప్రతి అతుకు దగ్గరా గాలి ఈల వేస్తోంది. సరిగ్గా పడకగది కిందైతే గొట్టం జాలీ నుంచి పూర్తిగా జారి పడి, ఫర్నేసు పంపిన వేడంతా మట్టి మీద కుమ్మరిస్తోంది.

ఆ మట్టి మీద, చలి ఆగడానికి నేల చెక్కల కింద కొట్టిన దూది ఊడిపడి పరుపైన చోట, ఒక పాసమ్ వెల్లకిలా పడుకుని ఉంది, పిల్లంత ఒళ్ళూ ఎలక మూతీ ఉండే అడవి జంతువు. పక్కన పిల్లి బొచ్చు పచ్చగా అంటుకున్న గుంట ఒకటుంది, నిత్యం ఒకరు పడుకునే చోటులా. పాసమ్ కళ్ళు తెరిచి, తలుపు కొట్టకుండా లోపలికొచ్చినవాణ్ణి చూసినట్టు లోవెల్‌ని చూసి, అటు తిరిగి పడుకుంది.

"ఏం కనపడిందయ్యా?" అని బయట్నుంచి జెనీవా కేకేసింది.

లోవెల్ టార్చి దించి తలుపు వైపు తల తిప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మన మంచం కింద ఇంకో కాపురం ఉంది జెనీవా. వాళ్ళు మనకంటే సుఖంగా ఉన్నారు."

ఇంత జరిగాక బుద్ధి రావాలి కదా? రాలేదు. ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళి, గల్లా దగ్గర కూర్చున్న ఇమోజీన్‌తో, "పాత డక్ట్ టేపు ఊడిపోయింది, ఇంకా గట్టి రకం ఇవ్వు" అన్నాడు.

ఇమోజీన్ జెనీవాతో కలిసి చదువుకున్న మనిషి. "దేని మీంచి ఊడింది?" అంది.

"దేని మీంచేంటి? డక్టుల మీంచే."

"లోవెల్, దాన్ని నీ బూటుకి వేసుకో, బండికి వేసుకో, ఓపల్ నోటికి కూడా వెయ్యి, నేనేం అనను. డక్టుకి మాత్రం వెయ్యకు."

"పేరే డక్ట్ టేపు కదా!"

"హాట్ డాగ్ అని పేరుందని కుక్కని తింటున్నావా? వేడికీ దుమ్ముకీ ఆ జిగురు నిలవదయ్యా. మా ఆయన ఇలాగే వేశాడు. మా పాస్టరు గారూ వేశారు. ఈ ఊళ్ళో ప్రతి మగాడూ ఒకసారి వేసి, ఊడాక ఇక్కడికొచ్చినవాడే. సిగ్గుపడకు." అంటూ ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లోపల బూడిద రంగు ముద్ద, గరిటె జారుగా ఉంది. "దీన్ని మాస్టిక్ అంటారు. జారిన గొట్టం ఎక్కించి మరలు బిగించు. పెద్ద సందులకి ఈ వల గుడ్డ చుట్టి దాని మీద పూయి. ఫర్నేసు ఆపి పూయాలి, పూశాక తెల్లారేదాకా ఆరనివ్వు."

ఆదివారం ఇద్దరూ చర్చికి పోలేదు. జెనీవా పెట్టె సర్దుకుంటుందేమోనని లోవెల్ అటు చూడకుండానే పాత బట్టలు వేసుకుని ఇంటి కిందికి పోయాడు. పాసమ్‌ని బతిమాలి, చీపురు చూపించి బయటికి సాగనంపాడు. షెడ్డులో ఎండుగడ్డి వేసిన పెట్టె ముందే పెట్టి ఉంచాడు లెండి, వట్టి చేతులతో వెళ్ళగొట్టలేదు. గొట్టం ఎక్కించి మరలు బిగించాడు. తర్వాత బ్రష్షు ముంచి పూయడం మొదలుపెట్టాడు. సగం గొట్టానికి, సగం తన మొహానికి.

"అది పూయడమా? బస్సుకి గ్రీజు కొట్టినట్టుంది."

తిరిగి చూస్తే జెనీవా. తోట పని చేసే ప్యాంటు వేసుకుని, నెత్తికి రుమాలు కట్టుకుని, పాక్కుంటూ వచ్చి పక్కన చేరింది.

"జరుగు. స్కూలు వంటింట్లో ఊరి పిల్లలందరికీ కేకుల మీద క్రీము పూసినదాన్ని నేను. అంచు దగ్గర వెనక్కి లాగాలి, ఇలాగ. మధ్యలో దట్టంగా, చివర పల్చగా."

అతను వల గుడ్డ చుట్టి పట్టుకుంటే ఆవిడ పూసుకుంటూ పోయింది. అతుకులన్నీ అయ్యేసరికి ఇద్దరూ ప్లాస్టిక్ పట్టా మీద వెల్లకిలా పడుకుని, ఆఖరి జాలీ చుట్టూ పూస్తున్నారు.

"లోవెల్, సరిగ్గా మన మంచం కిందున్నాం."

"ఊఁ. నీ వైపు నువ్వున్నావ్, నా వైపు నేనున్నా."

జెనీవా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో. లోవెల్ చెక్కల వైపు చూస్తూ, "నువ్వు చూడమన్నప్పుడే చూడాల్సింది" అన్నాడు.

"చూద్దువుగానీ. ముందు ఆ మూల టార్చి వెయ్యి."

అప్పుడే బయట కారు హారన్ మోగింది. ఓపల్ పెరట్లోకి వచ్చి చూస్తే, చిన్న తలుపులోంచి నాలుగు పాదాలు బయటికి కనపడుతున్నాయి.

"ఓరి దేవుడో! పైన అంతంత మంచం పెట్టుకుని మట్టిలో పడుకున్నారేంటి మీరిద్దరూ?"

"మరదలా, అక్కడే ఆగు" అని లోవెల్ అరిచాడు. "మీ అక్క కేకు చేస్తోంది."

"కేకూ లేదు, గీకూ లేదు. అక్కా, పెట్టె సర్దావా?"

లోవెల్ చేతిలో టార్చి కదలడం మానేసింది. జెనీవా వెనక్కి పాక్కుంటూ బయటికి పోయింది. రుమాలు నిండా బూడిద రంగు ముద్ద. లోవెల్ లోపలే పడుకుని విన్నాడు.

"ఇవాళ రానే ఓపల్."

"రావా? తెల్లారేదాకా ఫర్నేసు కూడా ఉండదటగా, ఇమోజీన్ చెప్పింది! బిగుసుకుపోతావ్."

"నేను పూసింది ఆరిందో లేదో నేను చూసుకోవద్దూ? కేకు పొయ్యిలో పెట్టి పక్కింటికి పోతానా?"

"రేపీపాటికి పళ్ళు టకటకలాడిస్తూ ఫోన్ చేస్తావు, చూస్తుండు" అని ఓపల్ విసురుగా కారెక్కింది. ఎక్కినది మళ్ళీ దిగి, చేసి తెచ్చిన అరటిపండు పుడ్డింగు గిన్నె మెట్ల మీద పెట్టి పోయింది. కోపం కోపమే, తిండి తిండే.

చీకటి పడేసరికి ఇల్లంతా చల్లబడింది. ముందు గది జాలీ కూడా నోరు మూసుకుంది. లోవెల్ కోటుతోనే మంచమెక్కాడు. కాసేపటికి గుమ్మంలో జెనీవా నిలబడింది, ఒక చంకలో తలగడ, ఇంకో చంకలో బొంత.

"ఇవాళ అక్కడా చలే, ఇక్కడా చలే. అటు జరుగు" అంది.

అతను జరిగాడు. దుప్పట్లు సర్దుకున్నాక రెండు మంచుముద్దలు వచ్చి పిక్కలకి తగిలాయి.

"అమ్మో! కప్పల్ని తెచ్చి పెట్టావే!"

"గట్టిగా అరవకు. షెడ్డులో పాసమ్ లేస్తుంది."

ఇద్దరూ చక్కగా నిద్రపోయారు. తెల్లారాక లోవెల్ వెళ్ళి ఫర్నేసు మీట నొక్కి, పరుగున వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఇద్దరూ జాలీ వైపు చూస్తూ కూర్చున్నారు. ముందు నేల కింద గరగరమంది. తర్వాత కిటికీ తెర అంచు మెల్లగా లేచింది. పడింది. మళ్ళీ లేచి, ఈసారి గాలిపటంలా నిలబడిపోయింది. జెనీవా పాదాలు తీసుకెళ్ళి జాలీ మీద పెట్టి, కళ్ళు మూసుకుంది.

ఇప్పుడు థర్మోస్టాట్ తగ్గించినా ఇల్లు వెచ్చగానే ఉంటోంది. ఇదివరకు ఆగకుండా రొప్పే ఫర్నేసు మధ్యమధ్యలో కూర్చుని విశ్రాంతి తీసుకుంటోంది. వచ్చిన చిక్కల్లా పిల్లితోనే. కార్న్‌బ్రెడ్ ఇప్పుడు పడకగది జాలీ మీదే కాపురం పెట్టింది. పొద్దున్నే జెనీవా దాన్ని పక్కకి తొయ్యడం, అది గుర్రుమనడం, లోవెల్ మంచంలోంచి "ఇద్దరూ సర్దుకోండర్రా" అనడం.

అదండీ సంగతి. మీకు తెలిసినవాళ్ళలో ఇల్లంతా వెచ్చగా ఉండి ఒక్క గది మాత్రం చల్లగా ఉందని ఎవరైనా అంటే, ముందు వాళ్ళ పిల్లి ఎక్కడ పడుకుంటోందో అడగండి. అడిగాక ఈ కథ వాళ్ళకి పంపించండి. గొట్టాలకి గుడ్డ టేపు వేసి మురిసిపోయే బావగారో బాబాయిగారో ఉంటే మాత్రం, ఇవాళే పంపండి.