ఎల్‌రాయ్ చొక్కా మీద తళుకులు

కబేళాలో పనిచేసే మగాడి చొక్కాకి రక్తం అంటాలి గాని బంగారు తళుకులు అంటుకోవడమేమిటి? ఆర్డెల్లా మూడు వారాలుగా బట్టలుతుకుతూ ఇదే ఆలోచిస్తోంది. రష్యావాళ్ళు ఆకాశంలోకి తొలి ఉపగ్రహం వదిలిన ఏడాది అది. షికాగో దక్షిణాన నల్లవాళ్ళ పేటలో జనమంతా తలెత్తి చూస్తుంటే ఆమె మాత్రం మొగుడి కాలరు వైపే చూస్తోంది. అడిగితే ఎల్‌రాయ్ బ్యాండు వాళ్ళతో బాకా సాధన అంటాడు. బాకా ఊదితే తళుకులు రాలతాయా? ఏ క్లబ్బులోనో గంతులేసే పిల్లే అయ్యుంటుంది.

శనివారం మధ్యాహ్నం అతని వెనకాలే నడిచింది. మంగలి షాపు పక్క మెట్లు దిగి నేలమాళిగలోకి దూరాడు మహానుభావుడు. లోపల్నుంచి ఒకటే నవ్వులు. దాని జుట్టు పట్టుకుని ఈడ్చేద్దామని తలుపు ధడాల్న తోసింది.

లోపల తొమ్మిదిమంది మగవాళ్ళు. అందరి చేతుల్లోనూ సూదులే. ఇంట్లోంచి ఎప్పుడో మాయమైన ఆమె మఖమలు పరదా ఎల్‌రాయ్ ఒళ్ళో తళుకుల అంగీ అయి కూర్చుంది.

"ఇదేం వేషమయ్యా?"

ఎల్‌రాయ్ నోట్లో దారం ఉండిపోయింది. బ్యాండు పెద్ద రూఫస్ కుర్చీ జరిపాడు.

"కూర్చో చెల్లెమ్మా. తెల్లవాళ్ళు ముందు చంద్రుడి మీదికెళ్తే అక్కడా మనకి వెనక తలుపే చూపిస్తారు. అందుకే మన పాటతో మనమే ముందెళ్ళి ఊరు కట్టుకుంటున్నాం. అక్కడికీ ఈ కబేళా బట్టలతోనే పోతామా?"

ఆర్డెల్లాకి నమ్మకం కుదరలేదు. గోడకి ప్రయాణికుల జాబితా కనిపించింది. తొమ్మిదీ మగవాళ్ళ పేర్లే. రెండుసార్లు చదివింది. ఇంకో ఆడదైతే కొట్టి తరిమేది. వీళ్ళు అసలు ఆడవాళ్ళే లేని ఊరికి తట్టాబుట్టా సర్దుకుంటున్నారు.

"ఇందులో నా పేరేదీ?"

"అది బ్యాండు లిస్టేనే..." నసిగాడు ఎల్‌రాయ్.

"పన్నెండేళ్ళు నీ రక్తపు చొక్కాలుతికాను. నా పరదా వస్తుంది గాని నేను రానా?"

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. వీళ్ళ ముందు ఏడవడమేమిటని మింగేసింది. అంగీ లాక్కుని, అతని వంకర కుట్లు విప్పి, తన కొలతకి బిగించి కుట్టింది. భుజాన వేసుకుని గోడ దగ్గరికెళ్ళి, ఎల్‌రాయ్ పేరు కొట్టేసి తన పేరు రాసింది.

"ఆర్డెల్లా, మరి నేనో?"

"చిక్కుడు గింజలు నానబెట్టొచ్చాను. ఇంటికెళ్ళి ఉడకేసుకో."