ప్రమాణాలు మోసిన గుర్రాల వైద్యం

నేను గుర్రాల వైద్యం పుస్తకాన్ని. అయినా ఒక అమెరికా కోర్టులో పదకొండేళ్లు బైబిలుగా కొలువు చేశాను. తప్పు నాది కాదు.

ఒహాయో నది ఒడ్డునున్న ఆ ఫెడరల్ కోర్టు, అంటే కేంద్ర సర్కారు కోర్టు, జడ్జి ఎబెనెజర్ వికమ్ గారిది. ఆయన ముప్పై ఆరో ఏట దేశాధ్యక్షుడు ఇచ్చిన పదవి, బతికున్నంతకాలం ఉండేది. ఏటా నాలుగు ఊళ్లు గుర్రం మీద తిరిగి తీర్పులు చెప్పేవారు. ఆ గుర్రం కోసమే నన్ను కొన్నారు. నేను చిరిగితే, కోర్టు బైబిలుతోపాటు బైండింగుకి పంపారు. ఇద్దరికీ ఒకటే నల్లతోలు. గుమాస్తా ఫిప్స్ నన్నే బైబిలనుకుని కోర్టుకి తెచ్చి, సాక్షులు ప్రమాణం చేసి ముద్దుపెట్టుకోవడానికి తెరవక్కర్లేదు కదా అని గుడ్డ నాడాతో కట్టి బిగించేశాడు. బైబిలు జడ్జి గారింటికి పోయింది. ఆ ఇంట బైబిళ్లకి కొదవలేదు, ఒకటి ఎక్కువైందని ఎవరూ గమనించలేదు.

ఎన్ని పెదవులు తగిలాయో! నిజం వాసన కంటే పొగాకు వాసనే ఎక్కువ.

ఒక ఏడు పొగమంచులో రెండు స్టీమర్లు గుద్దుకుని తొమ్మిదిమంది పోయారు. ఒకదాన్ని నడిపిన కేలెబ్ మీద కేసు. రుజువైతే పదేళ్ల జైలు. ఎదుటి స్టీమరు పొగమంచులో కొట్టాల్సిన గంట కొట్టలేదని చెప్పగలిగింది అతని స్టీమరులో వంటమనిషి నోరా ఒక్కతే. ఆమె సాక్ష్యం చెప్పి బోనులోంచి దిగుతుండగా నాడా తెగి నేను కిందపడ్డాను. గుర్రం పళ్ల బొమ్మ దగ్గర విచ్చుకున్నాను.

సర్కారు వకీలు లేచాడు. "అయ్యా, ఈవిడ గుర్రం మీద ఒట్టేసింది! సాక్ష్యం కొట్టెయ్యండి."

కోర్టంతా నవ్వింది. కేలెబ్ మొహం పాలిపోయింది.

జడ్జి గారు నన్ను తిరగేసి చూశారు. "దీనికోసం ఇల్లంతా వెతికించాను కదయ్యా ఫిప్స్!" అని, నోరా వైపు తిరిగారు. "ప్రమాణం చేసేటప్పుడు ఏమనుకున్నావమ్మా?"

"నాకు చదువు రాదు దొరా. దేవుడికి చెబుతున్నాననుకున్నా. పుస్తకం మారితే ఆయన వినడం మానేస్తాడా?"

"మానడు. వకీలుగారూ, ఈ ప్రమాణం చెల్లకపోతే పదకొండేళ్లుగా మీరు గెలిచిన కేసులూ చెల్లవు. తిరగదోడమంటారా?"

వకీలు కూర్చున్నాడు.

జ్యూరీ కేలెబ్‌ని వదిలేసింది. అతను నోరా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

జడ్జి గారు మరో పదిహేడేళ్లు ఆ కుర్చీలోనే ఉండి, కన్నుమూశారు. నేనిప్పుడు ఊరి మ్యూజియంలో అద్దాల వెనక సుఖంగా ఉన్నాను. నా మూడొందల పుటల్లో దేవుడి పేరు ఒక్కచోటా లేదు. అయినా ఆనాడు ఆయన నన్ను దాటిపోలేదనే అనుకుంటాను.