నిహారిక చదివేసిన పుస్తకాలు

న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ శివార్లలోని హాబ్సన్‌విల్‌లో మన తెలుగువాళ్లు నలుగురు ఒకచోట చేరితే ముందు ఇళ్ల గురించి మాట్లాడుకుంటారు, ఆ తర్వాత పిల్లల రంగుల గురించి. ఒంటి రంగు కాదు లెండి. అక్కడి బళ్లలో చదవడం నేర్పే పుస్తకాలకు రంగులుంటాయి. ఐదో పుట్టినరోజు దాటి బడిలో చేరిన పిల్లకి మెజెంటా, తర్వాత రెడ్, యెల్లో, బ్లూ, గ్రీన్, ఆరెంజ్, టర్కోయిస్, అలా పైపైకి. ఆరేళ్లు నిండేసరికి గ్రీన్ దగ్గరుంటే పిల్ల సరిగ్గానే చదువుతున్నట్టు. సరిగ్గా చదివితే చాలని ఊరుకునేవాళ్లమైతే అంత దూరం విమానమెక్కి ఎందుకు పోతాం? పక్కింటి పిల్లకన్నా ఒక్క రంగైనా ముందుండాలి.

కుసుమకి ఈ జబ్బు అందరికన్నా కాస్త ఎక్కువ. నరసరావుపేటలో ఇంటర్ చదివే రోజుల్లో ఫిజిక్స్ గైడు మొత్తం కామాలతో సహా అప్పజెప్పి ర్యాంకు కొట్టిన మనిషి. ఇప్పుడు ఆక్లండ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. సొంత ఇంట్లో జరిగేది పట్టడానికి మాత్రం ఆవిడకి ఏడాది పట్టింది. ఆవిడ లెక్కలో చదువు వచ్చిందంటే నోటికి వచ్చిందని అర్థం. కూతురు నిహారిక మూడేళ్లకే శ్లోకాలు, నాలుగేళ్లకి పద్యాలు గడగడా చెప్పేది. తెలుగు సంఘం ఉగాది వేడుకలో ఆ పిల్ల స్టేజీ మీద వరసగా పద్యాలు చెబుతుంటే హాలంతా చప్పట్లు. పిల్లకి ఒక్క అక్షరం రాదన్న సంగతి అక్కడెవరికీ గుర్తు రాలేదు. రావలసిన అవసరమూ లేదు, నాలుగేళ్ల పిల్ల.

బడిలో చేరిన మొదటి వారంలో టీచరు మిస్ హార్పర్ తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి చెప్పింది. రోజూ ఇంట్లో పుస్తకం చదివించండి. తెలియని మాట వస్తే బొమ్మ చూసి ఊహించమనండి, మొదటి అక్షరం చూసి ఊహించమనండి. ఒక మాటకి బదులు ఇంకో మాట చదివినా ఆపకండి, కథ అర్థమైతే చాలు. అందరూ బుద్ధిగా తలలూపారు. కుసుమకి మాత్రం ఒళ్లు మండింది.

“ఊహించడమేంటండీ? చదువంటే పొడుపుకథా?” అంది ఇంటికొచ్చి మొగుడితో.

“వాళ్ల పద్ధతి వాళ్లది కుసుమా. మనకెందుకు?” అన్నాడు ఉదయభాస్కర్, టీవీలో క్రికెట్ మీంచి కళ్లు తిప్పకుండా.

ఆవిడ తన పద్ధతి తను మొదలుపెట్టింది. సాయంత్రం అన్నం తినిపిస్తూ పుస్తకం రెండు మూడుసార్లు చదివి వినిపించేది. ఆ తర్వాత నిహారిక దాన్ని అప్పజెప్పేది. ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో, వేలు ఎంత వేగంగా జరపాలో, అన్నీ ఒంటబట్టాయి. లైబ్రరీ నుంచి తర్వాతి రంగు పుస్తకాలు ముందే తెచ్చి అవి కూడా నోటికి పట్టించింది. బడిలో మిస్ కొత్త పుస్తకమని ఇచ్చి పరీక్షించేసరికి పిల్లకి అది పాత పుస్తకం. ఎక్కడైనా మరిచిపోతే బొమ్మ చూసి దగ్గర మాటేదో చెప్పేసేది, దానికి మిస్ మెచ్చుకునేది కూడా. బడి బొమ్మ చూడమంది, ఇల్లు బట్టీ పట్టమంది. ఏ అక్షరం ఏ శబ్దం పలుకుతుంది, రెండు కలిస్తే ఏమవుతుంది అన్న ముక్క ఆ పిల్లకి కూర్చుని నేర్పినవాళ్లు ఒక్కరూ లేరు. అటు బడి దృష్టిలో, ఇటు ఇంటి దృష్టిలో పిల్ల బ్రహ్మాండంగా చదువుతోంది.

ఆరేళ్లు నిండకుండానే నిహారిక ఆరెంజ్‌లోకి వచ్చేసింది. కుసుమ కళ్లు నెత్తికెక్కాయి. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం తెలుగువాళ్లంతా కలిసే భోజనాల దగ్గర అమృత కలిసింది. వాళ్లబ్బాయి సాయి తేజదీ నిహారికదీ ఒకే తరగతి. అమృత కరీంనగర్ పిల్ల. స్టూడెంట్ వీసా మీద వచ్చి, టౌరంగా ఊళ్లో కివీ పళ్లు ఏరి పెట్టెలకెత్తే ప్యాక్‌హౌస్‌లో పనిచేసి, తర్వాత మొగుడు గిరిధర్‌తో ఆక్లండ్ చేరింది.

“తేజ ఏ కలర్ అమ్మా ఇప్పుడు?” అనడిగింది కుసుమ, తెలిసే.

“ఇంకా రెడ్‌లనే ఉన్నడక్కా. బొమ్మ చూసి ఏదో ఒకటి చెప్తడు గని చదువుడు వస్తలేదు. నేనే పోయి మిస్‌కి చెప్పిన.”

“నువ్వే వెళ్లి చెప్పావా? పిల్లాడి మీద ముద్ర పడిపోదూ?”

“పడితే పడనియ్యక్కా. ఆరేండ్లు నిండినంక పరీక్ష పెడ్తరట. అందరికన్న తక్కువ వచ్చినోళ్లని ఒక టీచరు రోజూ ఒక్కొక్కల్ని కూసోబెట్టుకొని అక్షరాల కాడికెల్లి నేర్పిస్తదట. ఈ టర్మ్‌ల ఒక్కటే సీటు ఖాళీ ఉందట. మావోనికి దొరికితే బాగుండు.”

కొడుకు అందరికన్నా వెనకబడాలని కోరుకునే తల్లిని కుసుమ అప్పుడే చూడటం. కారులో వస్తూ, “ప్యాక్‌హౌస్‌లో పళ్లు ఏరుకున్నవాళ్లకి అంతకన్నా ఏం తెలుస్తుందిలెండి” అంది. భాస్కర్ నవ్వాడు. వెనక సీట్లో నిహారిక కూడా నవ్వింది, అమ్మానాన్న నవ్వుతున్నారు కదా అని.

నిహారిక ఆరో పుట్టినరోజుకి భాస్కర్ మాల్‌కి వెళ్లి ఒక కొత్త కథల పుస్తకం కొనుక్కొచ్చాడు. “చదవవే బంగారం, విందాం” అన్నాడు. పిల్ల పుస్తకం తెరిచి, బొమ్మ చూసి, వేలు జరుపుకుంటూ అందుకుంది. ఒక అమ్మాయి, ఒక కుక్క, ఇద్దరూ బీచ్‌లో పరిగెడుతున్నారట, ఎండగా ఉందట, ఐస్‌క్రీమ్ తింటారట. గొంతులో హెచ్చుతగ్గులు కూడా పెట్టి ఎంత ముద్దుగా చదువుతోందో! భాస్కర్ పొంగిపోయి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. కుసుమ వెనక నిలబడి పేజీలోకి చూసింది. అక్కడ కుక్క అన్న మాట లేదు. బీచ్ లేదు. తాతయ్య పడవకి చిల్లు పడిందని రాసుంది.

ఆవిడ వంగి బొమ్మ మీద అరచెయ్యి పెట్టింది. “ఇప్పుడు చదువు.”

నిహారిక ఆగిపోయింది. కాసేపటికి ఒక మాట చెప్పి ఆగింది, ఇంకో మాట చెప్పి ఆగింది. పుస్తకంలోకి చూడటం లేదు. ఏ మాటకి అమ్మ ఊఁ కొడుతుందోనని తల్లి మొహంలోకి చూస్తోంది.

“పిల్లకి చదవడమే రాదండీ” అంది, పిల్ల ఆటకి వెళ్లాక.

భాస్కర్ ఫోన్ పక్కన పెట్టాడు. “వచ్చేవారమే కదా పరీక్ష. రేపు వెళ్లి మిస్‌కి ఉన్నదున్నట్టు చెప్పేద్దాం. ఆ సీటేదో మనకే ఇస్తారు.”

“ఏమని చెబుతాం? ఏడాదంతా బట్టీ పట్టించామనా? ఆరెంజ్ నుంచి మెజెంటాకి దింపేస్తారు. ఆదివారం అందరి ముందూ ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాను?”

“పిల్ల చదువు ముఖ్యమా, ఆదివారం ముఖ్యమా?”

“పరీక్ష అయిపోనివ్వండి. తర్వాత తీరిగ్గా నేనే నేర్పుకుంటాను. నా పిల్లకి నేను నేర్పుకోలేనా?”

ఆ మాటతో అతను ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి అలవాటే, అందులో సుఖం ఉంది. కుసుమ ఆ వారమంతా పిల్లని కూర్చోబెట్టింది. అక్షరాల పేర్లు వల్లె వేయించింది. తరచుగా వచ్చే మాటల్ని ఆకారం చూసి గుర్తుపట్టేలా చేసింది. రాయమంటే రాయడానికి అమ్మతో పార్కుకి వెళ్లానంటూ రెండు వాక్యాలు చేతికి పట్టించింది. ఆరెంజ్ పుస్తకాలన్నీ మళ్లీ అప్పజెప్పించింది. చివరికి పిల్ల గడ్డం పట్టుకుని, “నీకు చదవడం రాదని ఎవ్వరికీ చెప్పకూడదు, సరేనా? మిస్‌కి కూడా” అంది. నిహారిక తలూపింది. చెప్పినమాట వినే పిల్ల.

పరీక్షలో నిహారిక తరగతిలో అందరికన్నా పైన నిలిచింది. ఖాళీగా ఉన్న ఒక్క సీటూ సాయి తేజకి వెళ్లింది. మిస్ హార్పర్ కుసుమని గేటు దగ్గర ఆపి, ఇంట్లో మీరు పెడుతున్న శ్రద్ధ ఇలాగే కొనసాగించండి అని చెయ్యి కలిపి మరీ చెప్పింది. ఆ సాయంత్రం కుసుమ బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆదివారం మాత్రం పట్టుచీర కట్టుకుని భోజనాలకి వెళ్లింది.

తీరిగ్గా నేర్పుకోవడం ఏమైందని అడుగుతారేమో. అక్షరాల శబ్దాలు నేర్పే పుస్తకాలు కొంది. ఆరెంజ్ దాటిన పిల్లని ముక్కలు ముక్కలుగా పలకమంటే పిల్ల ఏడ్చేది. ఆఫీసు నుంచి అలిసివచ్చిన తల్లి అరిచేది. ఇంతలో టర్కోయిస్ పుస్తకాలు వచ్చిపడేవి, అవి నోటికి పట్టించడానికే పొద్దు చాలేది కాదు. ఏడాది చివర రిపోర్టులో చదువు దగ్గర జాతీయ ప్రమాణానికి పైన అని వచ్చింది. ఆ ముక్క ఫొటో తీసి నరసరావుపేట పంపించారు.

రెండేళ్లు గడిచాయి. పుస్తకాల్లో బొమ్మలు తగ్గిపోయి అక్షరాలు చీమల బారులయ్యాయి. కొత్త టీచరు మిస్టర్ టర్నర్ ఒక శుక్రవారం కుసుమని పిలిపించాడు.

“నిహారిక ఒకసారి వింటే ఎంతైనా చెప్పేస్తుంది. తనెప్పుడూ చూడని పేజీ ఇస్తే మాత్రం కడుపునొప్పి అంటుంది. రాతలో రెండు వాక్యాలు మించి రావు, అవీ ఎప్పుడూ అవే. చిన్నప్పుడు చదవడంలో ఇబ్బంది ఏమైనా గమనించారా?” అనడిగాడు.

కుసుమ ఆ ప్రశ్న దాటేసింది. “ఆరేళ్లప్పుడు ఇచ్చే ఆ ప్రత్యేకమైన టీచరు...” అంది.

“అది ఆ వయసు పిల్లలకే. ఇప్పుడు కుదరదు. నాలుగైదు బళ్లకి కలిపి వచ్చే స్పెషలిస్టు ఒకరున్నారు. అడగాలంటే కారణం చూపించాలి. ఈ పాత ఫలితాలు చూస్తే మీ అమ్మాయికి ఏ సాయమూ అక్కర్లేదంటారు. మీకు తెలిసింది దాచకుండా చెబితే నేను గట్టిగా అడగగలను.”

ఆయన మాటలో నింద లేదు. అదే ఆవిడకి మరీ కష్టంగా ఉంది. “సోమవారం చెబుతాను” అని లేచి వచ్చేసింది.

మర్నాడు సాయంత్రం నిహారికని తీసుకుని అమృత వాళ్లింటికి బయల్దేరింది. ఇక దాచకూడదని నిజంగానే అనుకుంది. ముందు అమృతకి చెప్పేస్తే నోరు పెగులుతుంది, తేజకి ఆ టీచరు ఎలా నేర్పిందో అడిగి తెలుసుకోవచ్చు, సోమవారం టర్నర్‌కి చెప్పడం సులువవుతుంది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. అమృతా, మా నిహాకి చదవడం రాదు, నాకు ముందే తెలుసు. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

అమృత వంటింట్లో సర్వపిండి కాలుస్తోంది. వేరుశనగపప్పు, నువ్వులు వేగిన వాసన ఇల్లంతా కమ్మేసింది. పిల్లలిద్దరూ మేడ మీదికి పరిగెత్తారు.

“అమృతా, నీకొక మాట చెప్పాలి” అంది కుసుమ.

“చెప్పక్కా. ముందుగల పిల్లల్ని పిలువరాదు, వేడిమీద తింటరు. మీ నిహ వస్తే మావోనికి ఎంత సంబురమో. అసొంటి పిల్ల పక్కన కూసుంటే మావోనికి గూడ నాలుగు ముక్కలు అబ్బుతయి” అంది అమృత. ఎకసెక్కెం కాదు, మనసారా అన్న మాట.

కుసుమ మెట్లెక్కింది. తేజ గది తలుపు ఓరగా ఉంది. మంచం మీద తేజ బడి పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుతున్నాడు. మెల్లగా, వేలు పెట్టి. ఒక పెద్ద మాట దగ్గర ఆగి, దాన్ని మూడు ముక్కలు చేసి, ముక్కలు కలిపి, మాట పట్టుకుని ముందుకి వెళ్లాడు. కింద కార్పెట్ మీద నిహారిక వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. పేజీ అయిపోగానే “ఇంకోసారి” అంది. వాడు మళ్లీ చదివాడు. ఆ తర్వాత పిల్ల కళ్లు తెరవకుండానే పేజీ మొత్తం అప్పజెప్పింది, తేజకన్నా స్పష్టంగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ.

“నువ్వసలు పుస్తకం చూడలేదు” అన్నాడు తేజ ఇంగ్లీషులో.

“సోమవారం చదవడం నా వంతు. ఇంకో పేజీ ఉంది, చదువు.”

“మీ మమ్మీ చదివి పెట్టదా?”

“మమ్మీ చదివితే మధ్యలో ఏడుస్తుంది. నువ్వే బెటర్” అంది నిహారిక, ఇంగ్లీషులోనే. “ఎవ్వరికీ చెప్పకు. చెప్పొద్దని మమ్మీ చెప్పింది. నీకొక్కడికే చెప్పా.”

తేజ బుద్ధిగా తలూపి పేజీ తిప్పాడు. కుసుమ తలుపు మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్క అడుగు లోపలికి వేసి ఆ పుస్తకం అందుకుంటే చాలు. ఆ అడుగే పడలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

“ఏరీ పిల్లలు? ఏం జేస్తున్నరక్కా?” అంది అమృత, పళ్లాలు సర్దుతూ. “ఏదో చెప్తనంటివి?”

కుసుమ ఆవిడ మొహంలోకి చూసి నవ్వింది.

“ఏం లేదమ్మా. చదువుకుంటున్నారు” అంది.