కొసరు మందు

మా ఆయన మధుసూదనరావుది పెద్ద చెయ్యి. తెనాలిలో మా మామగారి కిరాణా కొట్లో పెరిగిన చెయ్యి. కందిపప్పు తూచాక పొట్లంలో ఇంకాస్త కొసరు వెయ్యకపోతే దానికి తోచదు. దేశం కాని దేశమొచ్చి మౌంట్ ఆల్బర్ట్‌లో డెయిరీ, అంటే ఇక్కడి చిల్లర కొట్టు, పెట్టుకుని పాలూ బ్రెడ్డూ అమ్ముతున్నా ఆ అలవాటు పోలేదు. పిల్లలు పిప్పరమెంట్లు కొంటే సంచిలో రెండెక్కువే పడతాయి. దానికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు.

గొడవంతా జింకల వేటతో వచ్చింది. పక్కింటి గ్రాహమ్ పాత వేటగాడు. అతని సావాసంతో ఈయన లైసెన్సు తెచ్చుకుని, రైఫిల్ కొని, తూటాలు కూడా గ్యారేజీలో తనే నింపుకోవడం నేర్చుకున్నారు. ఖాళీ ఇత్తడి గొట్టం, అందులో తూచిన తుపాకీమందు, మూతికి గుండు. ఆ బుల్లి త్రాసు ముందు కూర్చుంటే పిలిచినా పలకరు.

ఆ శనివారం కొత్తగా తెచ్చిన బరువైన గుండ్లతో నింపిన తూటాలు కాల్చి చూద్దామని ముగ్గురం షూటింగ్ రేంజికి వెళ్లాం. నేను పులిహోర కట్టుకెళ్లాను.

మొదటి తూటా పేలింది. ఖాళీ గొట్టం బయటికి తియ్యడానికి తుపాకీ గడియ, అదే బోల్టు, వెనక్కి లాగితే రాలేదు. అరచేత్తో కొడితే కదిలింది. రెండోది పెట్టబోతుంటే గ్రాహమ్ ఆపి, కిందపడిన గొట్టం తీసి చూశాడు. దాని అడుగున నిప్పు పుట్టించే బిళ్ల అప్పడంలా అణిగిపోయి ఉంది.

"మందు ఎంత వేశావు?" అని అడిగాడు.

"పాత గుండుకి వేసినంతే. ఇది బరువు కదా, ఇంకో చిటికెడు కలిపా. కార్లో నలుగురెక్కితే పెట్రోల్ ఎక్కువ తాగదా?"

"బరువైన గుండు తొందరగా కదలదు మధూ. మందు కాలిన గాలికి చోటు దొరక్క లోపల ప్రెషర్ పెరిగిపోతుంది. గుండు బరువు పెరిగితే మందు తగ్గించాలి. చిటికెడంటే ఎంత?"

మా ఆయన రెండు వేళ్లు దగ్గర పెట్టి చూపించారు. కొసరు సంగతి నేనే చెప్పాను. గ్రాహమ్ నవ్వలేదు. బోల్టు దగ్గర వేలు పెట్టి, అక్కణ్ణించి మా ఆయన కుడికంటిదాకా గాలిలో గీత గీశాడు. జానెడు దూరం కూడా లేదు.

తూటాలన్నీ పెట్టెలోకి వెళ్లిపోయాయి. పులిహోర పెడుతూ ఇంకో గరిటె వెయ్యబోతే గ్రాహమ్ ప్లేటు మీద చెయ్యి అడ్డుపెట్టి, "నో కొసరు" అన్నాడు.

కార్లో నా నోరు ఊరుకోలేదు. "కొట్లో కొసరు కొన్నవాడికి పోతుందండీ. తుపాకీలో కొసరు వేసినవాడి మొహానికే వస్తుంది. మీ కన్ను పోయాక ఆ జింకని నేనేం చేసుకోను?" తిడుతూనే ఏడ్చాను.

మర్నాడు గ్యారేజీలో గుండ్లన్నీ ఊడదీసి మందు పారబోశారు. బరువైన గుండుకి పుస్తకంలో ఉన్న అన్నిటికన్నా తక్కువ కొలత తూచారు. ముల్లు నిలబడింది. అయినా ఆ కుడిచెయ్యి మళ్లీ మందు డబ్బా వైపు వెళ్లింది.

గబుక్కున పట్టుకున్నాను. ఆయన నావైపు చూసి, సిగ్గుపడి, ఎడంచేత్తోనే మందు పోసి, గుండు పెట్టి, దాన్ని బిగించే యంత్రం పిడి నొక్కారు. కుడిచెయ్యి నా దగ్గరే ఉంది.