మందు కాదు, బలానికి

పొద్దున్నే దర్జీ ఆవిడ బల్ల మీద యూనిఫారాల తెల్లగుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తోంది. గుడ్డ మీద తన నీడ పసుప్పచ్చగా పడింది. నాలుగు రోజులుగా అంతే.

"గుడ్డకి అంటదు కదే?" అంది పక్కింటి పిన్ని.

"నీడేగా పిన్నీ, ఉతికితే పోదూ!" అని నవ్వి కత్తెర అందుకుంది ఆవిడ. మూత్రం డికాషన్ రంగులో వస్తోంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇమ్యునోథెరపీ ఆపేస్తారు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ సగానికి తగ్గింది ఆ మందుతోనే.

మధ్యాహ్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ నిన్నటి రక్తపరీక్ష కాగితం చూసి ముఖం చిట్లించింది.

"లివర్ బాగా దెబ్బతింటోందమ్మా. ఈ మందు ఒంట్లో కాపలావాళ్లని నిద్రలేపుతుంది. లేచినవాళ్లు ఒక్కోసారి సొంత లివర్ మీదే పడతారు. ఇది అదే అయితే ఈ మందు ఇక ఎప్పటికీ ఇవ్వలేం. వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"ఏం లేవండీ," అన్నాడు మొగుడు. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడకి ఎక్కడ నొప్పో చెప్పే ఉద్యోగం ఆయనదే.

ఆవిడకి ఆ ఒక్క మాటే వినబడింది. ఎప్పటికీ ఇవ్వరట.

అప్పుడే గోడ మీద ఆవిడ పచ్చనీడ చెయ్యెత్తింది. సీసా మూత తిప్పింది. చెంచాడు పొడి నోట్లో పోసుకుని చేదుకి ముఖం వికారంగా పెట్టింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి గోడవైపు తిరిగింది.

"ఏంటది? రోజుకెన్ని చెంచాలు?"

నీడ మూడు వేళ్లు చూపింది.

"అబ్బే, అది మందు కాదండీ, బలానికి! ఆకుల పొడి. మా అక్కే ఇచ్చింది," అన్నాడు మొగుడు.

"లివర్‌కి ఆ తేడా తెలీదండీ," అంది డాక్టరమ్మ. "ఇది ఆ పొడి పనే కావచ్చు, మానెయ్యాలి. ఇమ్యునోథెరపీ కూడా ఆపుతున్నాం, కానీ ప్రస్తుతానికే. లివర్ కోలుకుంటే మళ్లీ ఆలోచిద్దాం."

ఆ తర్వాత ఆరువారాలూ ఆవిడ కుట్టుకి కూర్చునే ముందు నీడని చూసుకుంటూ బతికింది. దగ్గొస్తే చాలు, గడ్డ మళ్లీ పెరిగిందేమోనని ప్రాణం విలవిల్లాడేది.

ఏడో వారం రక్తపరీక్ష బాగుంది. ఆ మందు తిరిగి ఎక్కించడానికి సూది గుచ్చబోతూ డాక్టరమ్మ, వేరే మందులేమైనా వాడుతున్నారా అని మళ్లీ అడిగింది. మొగుడు నోరు తెరిచాడు. మాట రాలేదు. గోడ మీద ఆవిడ నీడ ఆయన నీడ నోరు మూసిపట్టుకుంది.

"నేను చెప్తాను, రాసుకోండి," అంది ఆవిడ. "మందులూ చెప్తాను, మందులు కానివీ చెప్తాను."

భయం ఇంకా పోలేదు. నీడ మాత్రం నల్లగా, నిటారుగా ఉంది.