నీలం గుడ్డ పీలికలు

పెళ్లయిన కొత్తలో నా కొత్త ఇంటిపేరంటే నాకు ఎంత మోజో చెప్పలేను. కాస్త చోటు కనిపిస్తే చాలు, రాసేసేదాన్ని. బస్సు పాసు మీద, పాలపుస్తకం అట్ట మీద, ఆఖరికి మా ఆయన సైకిలు సీటు మీద పేరుకున్న దుమ్ములో కూడా. వెలిదండ సీతారత్నం. రాసి, కాస్త వెనక్కి జరిగి చూసుకునేదాన్ని.

1988 శ్రావణంలో మా పెళ్లయింది. దసరా వెళ్లగానే గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజిలో ఉద్యోగం వచ్చింది. బీఎస్సీ చదివి, పైన ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది కంప్యూటర్ గదికే. బయట మిరప ఘాటుకి తుమ్ముతూ వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఆ చల్లటి నేల మీద కాలు పెట్టగానే నాకు పండగలా ఉండేది.

ఆ గది హయాత్ గారిది. యాభై ఏళ్ల మనిషి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇరవై ఏళ్లు టిక్కీలు లెక్కపెట్టి లోపలికి పంపే పని చేశారు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె మూట. రెండేళ్ల క్రితం కంప్యూటర్ వచ్చినప్పుడు ఆఫీసులో ఎవరూ దాని దగ్గరికి వెళ్లలేదట. ఈయన వెళ్లారు. ఏ రైతు టిక్కీ ఏ ఛాంబర్లో, ఎన్నో అంతస్తులో, ఏ వరసలో ఉందో చెప్పే ప్రోగ్రాం ఒకటి అందులో ఉండేది. దాన్ని రాసినతను ఎప్పుడో ఊరు వదిలి వెళ్లిపోయాడు. దాన్ని మార్చగలవాళ్లు ఎవరూ లేరు. ముప్ఫై రెండు వేల టిక్కీల ఆచూకీ దానికే తెలుసు.

హైదరాబాదులో కంప్యూటర్ అమ్మినవాళ్లు అప్పుడప్పుడూ కొత్త ఫ్లాపీలు పంపేవాళ్లు. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాంకి ఒకటి, ప్రింటరుకి ఒకటి, అసలు మిషనుని నడిపే మూల ప్రోగ్రాంకి కొన్ని. హయాత్ గారు వాటన్నిటినీ వేసేవారు కాదు. ఒకటి వేయడం, టిక్కీల ప్రోగ్రాం తెరిచి ఏదో ఒక నంబరు అడగడం. జవాబు వస్తే నోటుబుక్కులో 'వేశాను, పలికింది' అని రాసేవారు. రాకపోతే 'పలకలేదు, తీసేశాను' అని రాసి, ఆ ఫ్లాపీ కవరుకి నీలం గుడ్డ పీలిక కట్టేసేవారు. కోల్డ్ స్టోరేజిలో తేమ ఉన్న టిక్కీకి అలాంటి పీలికే కడతారు. అది కట్టిన టిక్కీని ఎవరూ లోపలికి మొయ్యరు.

"కొత్తవి అన్నీ వేస్తేనే కదండీ మిషన్ బాగా పనిచేసేది?" అన్నాను నేను, మా కోర్సులో చెప్పింది గుర్తు చేసుకుని.

"కొత్తది బాగానే ఉంటుందమ్మా. అది వచ్చి చోటంతా ఆక్రమిస్తే పాతదానికి కూర్చునే చోటుండదు" అన్నారాయన.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆయన ఏమీ అనుకోలేదు.

ఒక గురువారం తొమ్మిది ఫ్లాపీలు వచ్చాయి. మూడింటికి పీలికలు కట్టారు. మర్నాడు మధ్యాహ్నం హయాత్ గారు నమాజుకి వెళ్లగానే మా ఆయన వచ్చారు. ఆయన కాలేజీలో బోటనీ లెక్చరరు. పొట్లంలో మిరపకాయ బజ్జీలు తెచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"ఏదీ, నీ మిషనేం చేస్తుందో చూపించు" అన్నారు.

ఆ క్షణంలో నాకు ప్రపంచంలో ఇంకేమీ పట్టలేదు. పీలికలు విప్పి, తొమ్మిదీ ఒకదాని తర్వాత ఒకటి వేసేశాను. నల్లటి తెర పోయి నీలం తెర వచ్చింది. మధ్యలో గీతలు గీసిన డబ్బా, అందులో వరసగా పేర్లు. మా ఆయన చప్పట్లు కొట్టారు. "మా సీత ఇంజనీరే!" అన్నారు. టిక్కీల ప్రోగ్రాం తెరిచి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. మా ఆయన వెళ్లాక మాత్రం మిషను ఆపేసి, పీలికలు ఎలా ఉన్నవి అలా మళ్లీ కట్టేశాను. ఆ సాయంత్రం టిక్కీల కోసం ఎవరూ రాలేదు. తప్పు చేస్తున్నానని తెలియకపోతే ఎందుకు కట్టాను? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

శనివారం పొద్దున్నే దర్శి నుంచి బాపయ్య అనే రైతు వచ్చాడు. అరవై టిక్కీలు తీసుకుని పదింటిలోపు మిర్చి యార్డులో వేలానికి చేరాలి. బయట లారీ పెట్టుకుని, చీటీ చేతికిచ్చాడు. హయాత్ గారు ప్రోగ్రాం తెరవబోయారు. చోటు చాలదని తెర మీద ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. మళ్లీ చేశారు. అదే ముక్క.

"ఏందయ్యా, నా మిరగాయలు ఆ టీవీలోకి పోయినయ్యా?" అన్నాడు బాపయ్య.

హయాత్ గారు ఫ్లాపీల పెట్టె తెరిచి, పీలికలు కట్టిన మూడింటినీ చేతిలోకి తీసుకున్నారు. ఆయన కట్టేది గోనె మూటల ముడి, బిగించి రెండు చివర్లూ లోపలికి దోపేస్తారు. నేను కట్టింది జడ రిబ్బనుకి వేసే పువ్వు ముడి. మూడు నీలం పువ్వులు ఆయన అరచేతిలో. ఆయన వాటిని చూశారు. నా వైపు చూడలేదు. ముడులు విప్పి, పీలికలు జేబులో పెట్టుకున్నారు.

అప్పుడే ఓనరు జానకిరామయ్య గారు లోపలికి వచ్చారు.

"ఏమయ్యా హయాతూ, రైతు ముందు పరువు తీస్తావా? వచ్చిన ఫ్లాపీలన్నీ నువ్వే కెలుకుతావు కదా! చదువుకున్న అమ్మాయి ఉండగా ఆ డబ్బా నీకెందుకు? సోమవారం నుంచి గేటు దగ్గర కూర్చో!"

"అలాగేనండి. ముందు ఈయన టిక్కీలు తీసిచ్చి వెళ్తాను" అన్నారు హయాత్ గారు.

నేను అక్కడే ఉన్నాను. 'నేనండీ' అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరవలేదు.

ఓనరు వెళ్లాక హయాత్ గారు ఇనప్పెట్టెలోంచి పాత ఫ్లాపీల కట్ట తీశారు. నోటుబుక్కు నా ముందు పెట్టారు. "మీరు చదవండమ్మా. నేను వేస్తాను" అన్నారు.

చదివాను. మూల ప్రోగ్రాం పాతదే, రెండేళ్ల కిందటిది. ప్రింటరుది కొత్తది. ఉత్తరాలది ఆ వేసవిలో వచ్చింది. ఒక్కొక్కటి వేసి, ప్రతిసారీ ఒక నంబరు అడిగి చూడాలి. గంటన్నర పట్టింది. చివరికి బాపయ్య నంబరు కొడితే, 'మూడో ఛాంబరు, రెండో అంతస్తు, ఎడమ వరస' అని పలికింది. అప్పటికి పదింబావు.

"ఇంకేం పోతాం! మళ్లీ సోమారమే" అని బాపయ్య తలగుడ్డ విప్పి లారీ మెట్టు మీద కూలబడ్డాడు. "ఇంటికాడ రేపు పిల్లకి పెళ్లిచూపులు. మూటలు యార్డులో దించి నేనీడ వాటికి కాపలా." నన్ను ఒక్క మాట అనలేదు. నేనని తెలియదు కదా.

అతని మొహం చూశాక ఇంక కూర్చోలేకపోయాను. ఓనరు గదికి వెళ్లి, ఒక్క గుక్కలో చెప్పేశాను.

జానకిరామయ్య గారు నవ్వారు! "నువ్వా? పోనీలేమ్మా, చిన్నదానివి. కొత్తగా పెళ్లయింది, సరదాపడ్డావు. చదువుకున్నదానివి, నేర్చుకుంటావు."

తిడితే బాగుండేది. అదే తప్పుకి ఆయనకి గేటు, నాకు నవ్వు.

"మరి హయాత్ గారు..."

"సరే, నువ్వంటున్నావు కాబట్టి అతన్నక్కడే ఉండనీ."

వెనక అలికిడైతే తిరిగి చూశాను. సంతకం కోసం బాపయ్య చీటీ పట్టుకుని హయాత్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నేనన్నానని కాదండీ, తప్పు ఆయనది కాదు కాబట్టి. ఆ మాట ఆయనకే చెప్పండి" అన్నాను. ఓనరు నవ్వు ఆగిపోయింది. చీటీ అందుకుని సంతకం పెట్టారు. "నీ గదిలోనే ఉండవయ్యా" అన్నారు, తలెత్తకుండా. అంతకంటే ఆయన నోట రాలేదు.

గదిలోకి వచ్చాక హయాత్ గారు జేబులోంచి మూడు పీలికలూ తీసి బల్ల మీద పెట్టారు.

"మీకు మొదటే తెలుసు" అన్నాను.

"ముడి చూశాను కదమ్మా."

"మరి చెప్పలేదేం?"

"నేను చెబితే నమ్మేవారా?" అన్నారు. ఓనరు గురించే అన్నారో, నా గురించే అన్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మూటల ముడి నేర్పమన్నాను. నాలుగోసారికి వచ్చింది. మూడు ఫ్లాపీలకీ కట్టాను. ఆయన ఒక్కొక్కటీ లాగి చూశారు. ఊడలేదు.

తర్వాత నోటుబుక్కు నావైపు తిప్పి, "రాయండి" అన్నారు. 'తొమ్మిదీ వేశారు. పలకలేదు. మూడు తీసేశాం' అని రాశాను. ఆ పుస్తకంలో ఎవరు వేశారో రాసే అలవాటు లేదు. రెండేళ్లుగా వేసింది ఆయనొక్కరే మరి. నేను పెన్ను ఎత్తలేదు. దాని పక్కనే నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. ఈసారి వెనక్కి జరిగి చూసుకోలేదు.