తొమ్మిది గంటల ఆరు నిమిషాలు

పొలం మోటార్లకు స్టార్టర్ డబ్బాలు చేసే ఆ కంపెనీ నిజామాబాద్ బస్టాండు వెనక సందులో ఉంది. డబ్బాలోని చిప్పుకు సి భాషలో ప్రోగ్రాం రాసింది గిరిబాబు, పదకొండేళ్ల కింద. ప్రిస్కిల్లా చేరి ఆరు నెలలే. ఒక్కో ఫంక్షన్ ఏం తీసుకుని ఏం తిరిగిస్తుందో చెప్పే డిక్లరేషన్లు ఆ ప్రోగ్రాంలో ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి.

"అన్నీ తీసి ఒక్క హెడర్ ఫైల్ల పెడ్త సార్," అన్నదామె.

"నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకమ్మా?" అన్నాడు గిరిబాబు. వద్దని మాత్రం అనలేదు.

రెండు రోజులు అదే పని. మూడోనాడు, ప్రోగ్రాంను చిప్పుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఒకచోట మొరాయించింది. మోటారు ఎన్ని సెకన్లు నడిచిందో చెప్పే ఫంక్షన్ పెద్ద సంఖ్యను ఇస్తుంది. మోటారును ఆపే ఫైల్లోంచి ఆమె తెచ్చిన డిక్లరేషన్ మాత్రం చిన్న సంఖ్య అంటోంది. ఆ చిప్పులో చిన్న సంఖ్య ముప్పైరెండు వేల ఏడువందల అరవై ఏడు దాటితే మైనస్‌లో పడుతుంది. మైనస్ వస్తే మోటారు ఆపేయాలని అదే ఫైల్లో ఉంది. అన్ని సెకన్లను గంటల్లోకి మార్చి చూసింది: తొమ్మిది గంటల ఆరు నిమిషాలు.

ఊర్లు తిరిగి రిపేర్లు చేసే విజయ్ పాల్‌ను పిలిచింది. "తమ్ముడూ, తొమ్మిది గంటలు నడిచినంక మోటారు ఆగుతున్నదని ఎవరన్న చెప్పిండ్రా?"

"బోధన్ కాడ రత్తయ్యగారు రెండేండ్ల సంది గదే అంటుండు అక్క. చెరుకుకు పొద్దంత నడుపుతడు, మిగతోళ్లు అంతసేపు నడపరు. మూడుసార్లు డబ్బ మార్చిన. కరెంటు సక్కగ లేదని చెప్పి వచ్చిన."

ఆమె పిలిస్తే గిరిబాబు వచ్చి తెరమీద ఆ లైను చదివాడు. "ఇది నేను రాసిందే," అని, తనే ఫోన్ చేశాడు. "రత్తయ్యగారూ, మీ కరెంటు బాగానే ఉందండి. తప్పు మాది."

"మీవాళ్లు చెప్పారని స్టెబిలైజర్ కూడా పెట్టించానండి," అన్నాడు రత్తయ్య. కోపం లేదు ఆ గొంతులో.

రెండు రోజులకు ప్రిస్కిల్లా, విజయ్ పాల్ తెల్లవారకముందే బోధన్ బయల్దేరారు. కొత్త ప్రోగ్రాం ఎక్కించి ఆరింటికి మోటారు వేశారు. మధ్యాహ్నం మూడు దాటాక ఆమె గడియారం చూస్తూ కూర్చుంది. మూడుంపావైనా నీళ్లు పడుతూనే ఉన్నాయి. రత్తయ్య డబ్బా వైపు చూడకుండా, పార తీసుకుని పక్క సాళ్లలోకి నీళ్లు తిప్పడానికి పోయాడు.

"గిసుంటి డబ్బలు ఇంకెన్ని ఉన్నయి?" అని ఆమె అడిగింది.

"నవీపేట్ దాక చూస్తే నాలుగువందలుంటయ్ అక్క."

విజయ్ పాల్ ఊర్ల పేర్లు చెబుతుంటే ఆమె గట్టుమీదే కూర్చుని రాసుకుంది.